బ్రేకులు విప్పిన ఆదివారం

కొండ కింద ఊళ్ళో ఉన్న ఆరోగ్య కేంద్రానికి ఒకటే జీపు. దాన్ని పంతొమ్మిదేళ్ళుగా నడుపుతున్న డ్రైవరు అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా కనబడేది కాదు. అందరికీ ఆయన నిదానం. చిన్నవాళ్ళు నిదానం బాబాయ్ అనేవారు, పెద్దవాళ్ళు ఒట్టి నిదానం అనేవారు. భార్య మాత్రం కోపం వచ్చినప్పుడే ఆ పేరు వాడేది.

కొండమీద నాలుగు పల్లెలు ఉన్నాయి. అక్కడికి పదకొండు మలుపుల మట్టిరోడ్డు. పక్క సీట్లో కూర్చున్నవాళ్ళు, దిగి నడిస్తే ముందే చేరతామేమో అని ఎకసెక్కాలాడేవారు. "నడవండి, పైన కలుద్దాం," అని ఆయనా నవ్వేసేవాడు. అన్నేళ్ళలో ఆయన బండి ఎక్కిన ఒక్క మనిషికీ గీత పడలేదు. ఆ మాట పైకి ఎప్పుడూ చెప్పుకోలేదు గాని, మనసులో మాత్రం దాన్ని జాగ్రత్తగా దాచుకున్నాడు.

ఆ వర్షాకాలానికి ముందు టైర్లు వచ్చాయి. కొండరోడ్డు బాగుచేసే కాంట్రాక్టరు రెండేళ్ళయినా పని తెమల్చలేక నలుగురి నోళ్ళలో నానుతున్నాడు. ఆ చెడ్డపేరు కాస్త కడుక్కుందామనుకున్నాడో ఏమో, జీపుకి టైర్లు దానం ఇచ్చాడు. మామూలు టైర్లు కావు. నడుము ఎత్తున ఉన్నాయి, పళ్ళు ఒక్కొక్కటి బొటనవేలంత లోతు. అవి పట్టడానికి కింది స్ప్రింగు కమాన్లు మార్చి జీపునే జానెడు పైకి లేపారు. పెద్ద డాక్టరు, కాంట్రాక్టరు చేతులు కలిపి ఫోటో దిగారు. డ్రైవరుని కూడా నిలబడమన్నారు గాని, ముందు ఒకదాని మీద ఒకటి పేర్చిన టైర్ల వెనక ఆయన టోపీ ఒక్కటే ఫోటోలో పడింది. ఆ ఫోటోని కేంద్రం వరండాలో తగిలించారు.

ఎక్కడానికి ఆ టైర్లకి సాటిలేదు. మునుపు మోకాలిలోతు బురదలో నలుగురు దిగి తోయాల్సిన చోట జీపు చదును నేలమీద నడిచినట్టు నడిచిపోయింది. పల్లెల్లో జనం బయటికొచ్చి చూశారు. ఆయన కూడా ఆ పూట సంబరపడ్డాడు.

సంబరం దిగేదాకానే. తొమ్మిదో మలుపు దగ్గర బ్రేకు తొక్కితే జీపు ఆగలేదు. అసలు ఆగలేదని కాదు, ఎప్పుడూ ఆగే చోట ఆగలేదు. రెండు బారలు ముందుకి పోయి, ఆలోచించుకుని ఆగినట్టు ఆగింది. రెండో గేరులో వేస్తే ఇంజను పట్టి ఉంచేది మునుపు. ఇప్పుడు రెండో గేరే మూడో గేరులా పరుగు తీస్తోంది. కిందికొచ్చేసరికి చక్రాల దగ్గర మాడువాసన. చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

ఆయన బావమరిది ఊళ్ళో లేత్ మేస్త్రి. ఇనుము ఏ వంకర తిరిగినా దాన్ని దారికి తెచ్చే మనిషి. నోరు మాత్రం దారికి రాదు. జీపు చుట్టూ ఒకసారి తిరిగి, చక్రం వెనక చెయ్యిపెట్టి చూసి చెప్పాడు.

"బావా, ఇది ఏనుక్కి మేక కాళ్ళు పెట్టడం కాదు, ఏనుగుని మేక పలుపుతో కట్టడం. చక్రం పెద్దదైంది, బరువైంది. ఆపాల్సిన డ్రమ్ము పాతది, లోపల దాన్ని పట్టే షూలు పాతవి. తలుపు చివర నువ్వు తోస్తుంటే నేను బందుల దగ్గర వేలు పెట్టి ఆపాలి. ఆగుతుందా?"

"మరి ఏం చెయ్యాలి?"

"ముందు చక్రాలకి డ్రమ్ములు తీసేసి డిస్కు బ్రేకులు వెయ్యాలి. బరువు బండివి, పెద్దవి. పెడలు తొక్కితే ఆయిల్ తోసే మాస్టర్ సిలిండర్ కూడా దానికి తగ్గది పెట్టాలి. జీపు పైకి లేచింది కదా, ఆ ఆయిల్ పోయే హోసు పైపులు కూడా పొట్టివైపోయినయి. చక్రం గోతిలో దిగితే వీణతీగల్లా బిగుస్తున్నయి, ఏదో రోజు తెగుతయి."

ఈ మాటలన్నీ ఆయన డాక్టరుగారి చెవిన వేశాడు. డాక్టరు చెడ్డవాడు కాదు. రోజుకి నూట యాభై మందిని చూసి, మిగిలిన టైములో కాగితాల మీద సంతకాలు పెట్టే మనిషి. తల ఎత్తకుండానే అన్నాడు. "కొత్త టైర్లు వేయించుకుని బ్రేకులు పడట్లేదంటావేంటయ్యా? టైరు కొత్తదైతే ఇంకా బాగా ఆగాలి కదా?"

"టైరు వేరు, బ్రేకు వేరు సార్."

"సరే, అర్జీ రాసివ్వు. పై ఆఫీసుకి పంపిస్తాను."

రాసిచ్చాడు. ఒకటి కాదు, మూడు. మూడోదానికి పై ఆఫీసు నుంచి ఒక మెకానిక్కు వచ్చాడు. కేంద్రం ఆవరణలో, బల్లపరుపు నేలమీద జీపుని పాతిక స్పీడులో నడిపి బ్రేకు తొక్కాడు. ఆగింది. "బాగానే ఉంది కదా," అన్నాడు.

"అయ్యా, ఒక్కసారి కొండమీదికి రండి. దిగేటప్పుడు చూడండి. ఆ స్పీడు మీటరు కూడా అబద్ధం చెబుతోంది. చక్రం పెద్దదైంది కదా, అది ఇరవై అంటే నిజంగా పాతిక."

మెకానిక్కు గడియారం చూసుకున్నాడు. "నాకు సాయంత్రం బస్సుంది పెద్దాయనా." బ్రేకులు సరిగానే ఉన్నాయని కాగితం రాసి, సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ కాగితంతో ఆయన నోటికి తాళం పడింది. వయసు మీదపడింది, నిదానం భయపడుతున్నాడు అని కేంద్రంలో చెవులు కొరుక్కోవడం మొదలైంది.

ఇంట్లో కుట్టుమిషను ముందు కూర్చుని స్కూలు పిల్లల యూనిఫారాలు కుట్టే భార్యకి మాత్రం ఆయన పరిస్థితి తెలుసు. అన్నం కలిపి ముద్ద నోటిదాకా తెచ్చి ఆగిపోయేవాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే కుడికాలు బిగబట్టేవాడు.

"మానేయండి," అంది ఒకరోజు, మిషను ఆపి. "మనం ఇద్దరం. ఎలాగో బతుకుతాం."

"మానేస్తే ఇంకొకడు ఎక్కుతాడు. నాకు కనీసం తెలుసు ఆగదని. వాడికి తెలీదు."

ఆవిడ మళ్ళీ మిషను తొక్కలేదు. చేతిలో బట్ట అలాగే పట్టుకుని కూర్చుంది.

వర్షాలు పట్టిన మూడోవారం, ఒక ముసలాయన్ని జ్వరంతో కిందికి తెస్తున్నారు. వెనక ముసలాయన, పక్కన నర్సు. ముప్పై దాటని మనిషి, ఈ కేంద్రానికి వచ్చి రెండేళ్ళయింది. ఎనిమిదో మలుపు దాటగానే పెడలు మెత్తబడింది. తొక్కితే స్పాంజి తొక్కినట్టుంది. ఇంకోసారి తొక్కాడు. కాలు నేలకి తగిలింది. మళ్ళీ మళ్ళీ తొక్కాడు. ఏమీ లేదు. కింద ఏడో మలుపు, దాని అవతల ఆకాశం.

మొదటి గేరులోకి కుక్కాడు. గేరుపెట్టె ఆర్తనాదం చేసింది. చేతిబ్రేకు లాగాడు. జీపుని కొండవైపు తిప్పి మట్టిగట్టుకి రాపాడించాడు. పక్క అద్దం ఎగిరిపోయింది, తలుపు చీరుకుపోయింది, ఒక రాయి అడ్డుపడి జీపు ఒక పక్కకి వాలి ఆగింది.

వెనక నుంచి ముసలాయన కళ్ళు తెరిచి, "వచ్చేశామా?" అని అడిగాడు.

నర్సు దిగి రోడ్డు పక్క రాయిమీద కూర్చుండిపోయింది. నాలుగు చక్రాల్లోంచి పొగ. వాన చినుకు డ్రమ్ము మీద పడ్డప్పుడల్లా చుయ్‌మంటోంది. ఆ పొగ వైపు చూస్తూ అడిగింది.

"బాబాయ్, ఇది ఎప్పటి నుంచి?"

"టైర్లు వచ్చినరోజు నుంచి."

"నాతో చెప్పలేదేం?"

"ఎవరితో చెప్పినా భయస్తుడన్నారు. నువ్వూ అంటావేమోనని."

అరగంట చల్లారనిచ్చి, అడుగులో అడుగేసుకుంటూ కిందికి దించాడు. ఆ సాయంత్రం నర్సు స్వయంగా డాక్టరు గదికి వెళ్ళింది. డాక్టరు ఈసారి తల ఎత్తి విన్నాడు. పై ఆఫీసుకి మళ్ళీ రాస్తానన్నాడు. జవాబు వచ్చేదాకా జాగ్రత్తగా నడపమన్నాడు. ఆయన చేతిలో ఉన్నది అంతే, అది అబద్ధం కాదు. ఆ తర్వాతి సోమవారం నుంచి పదిరోజులు డాక్టరు శిక్షణకి పొరుగూరు వెళ్ళాడు.

అప్పుడు నిదానం, బావమరిది, నర్సు ముగ్గురూ కలిసి ఒక నిర్ణయానికి వచ్చారు. నిర్ణయం అంటే నిదానందే. ఇద్దరూ ఆయన వెంట నిలబడ్డారు. పాతసామాన్ల దుకాణంలో పడి ఉన్న ఒక చిన్న లారీ ముందు డిస్కులు, వాటిని పట్టి ఆపే క్యాలిపర్లు బావమరిది సంపాదించాడు. డిస్కులు లేత్ మీద చెక్కి నున్నగా చేశాడు. క్యాలిపర్ బిగించే పలకలు మందపాటి ఇనుములో తానే కోశాడు. బ్రేకు ప్యాడ్లు, పొడవైన హోసులు, పెద్ద సిలిండర్ కొత్తవి తెచ్చాడు. ఆదివారం కేంద్రానికి సెలవు. వారంరోజులు పొడిగా ఉంటుందని రేడియో చెప్పింది. పక్క ఊరి అంబులెన్సు ఆ ఒక్కరోజూ కొండని కూడా చూసుకునేలా నర్సు ఫోన్‌లో మాట్లాడి పెట్టింది. అనుమతి కాగితం ఒక్కటే లేదు.

ఆదివారం ఏడింటికే లేత్ షెడ్డులో జీపుని దిమ్మెల మీదికి ఎత్తారు. ముందు చక్రాలు ఊడాయి, డ్రమ్ములు ఊడాయి. బావమరిది షూలని వెలుతురులోకి తిప్పి చూశాడు. వాటికి అంటించిన లైనర్లు గాజులా మెరుస్తున్నాయి, ఒకదాని మీద నిలువునా బీట ఉంది. "వీటితోనా దిగావు నిన్నటిదాకా," అన్నాడు. ఆ ఉదయం అతను జోకు కాకుండా అన్న మాట అదొక్కటే.

పదకొండు గంటలకి ఎడమవైపు డిస్కు కూర్చుంది. చక్రం పెట్టి చేత్తో తిప్పారు. అర చుట్టు తిరిగి కిర్రుమంది. క్యాలిపర్ వీపు చక్రం లోపలి అంచుకి తగులుతోంది. నాలుగు మిల్లీమీటర్లు. పలకలు రెండూ విప్పి మళ్ళీ లేత్ ఎక్కించాలి.

అప్పటికి ఆకాశం రంగు మారింది. కొండమీద నల్లటి మబ్బు దిగింది. షెడ్డు దగ్గర మాత్రం చినుకు లేదు.

పదకొండూ నలభైకి నర్సు పరుగున వచ్చింది. చేతిలో ఫోను. పైన మూడో పల్లెలో పిండిమిల్లు నడిపే ఆవిడ చెయ్యి బెల్టులో పడింది. ఆవిడని అందరూ మిల్లక్క అంటారు. నిదానానికి బాగా తెలుసు. మిల్లు ముందు జీపు ఆపినప్పుడల్లా, "ఇవాళ కూడా నడిచినవాళ్ళే ముందొచ్చారు," అనే మనిషి. ఫోనులో ఆవిడ భర్త.

"మోచేతి పైన గుడ్డతో బిగించి కట్టండి," అంటోంది నర్సు ఫోనులో. "లోపల కర్ర పెట్టి తిప్పండి. నెత్తురు ఆగేదాకా. ఆగిందా? కట్టిన టైము గోడమీద రాయండి. రాయండి ముందు." ఫోను చెవినుంచి తీయకుండానే నిదానం వైపు చూసింది. "ఎంతసేపు?"

నేలంతా పరిచిన సామాన్ల వైపు చూశాడాయన.  నర్సు పక్క ఊరికి ఫోను చేస్తే అంబులెన్సు బయల్దేరిందన్నారు. పావుగంటలో మళ్ళీ ఫోను. పైన వాన కురిసి మూడో మలుపు దగ్గరే బురదలో దిగబడింది. ముందుకీ రాదు, వెనక్కీ పోదు.

"బావా," అన్నాడు లేత్ మేస్త్రి, గొంతు తగ్గించి. "పాతవే బిగించేద్దాం. పైపుల్లో ఎయిర్ తీసి, చక్రాలు ఎక్కించడానికి నలభై నిమిషాలు. కొత్తదైతే రెండు గంటలు, అదీ అన్నీ కుదిరితే. ఒక్కసారి. ఒక్కసారికి నిదానంగా దించుకొస్తావు."

"నిదానంగా దించడానికే కదరా బ్రేకులు కావలసింది."

"పైన మనిషి నెత్తురు కారుతోంది."

"తెలుసు."

ఆయన పాత షూని చేతిలోకి తీసుకున్నాడు. బీట మీద గోరు పెట్టి నొక్కితే లైనరు ముక్క ఊడి అరచేతిలో పడింది. ఎక్కడం కష్టం కాదు. దిగేటప్పుడు వెనక పడుకోబెట్టిన మిల్లక్క, ఆవిడ భర్త, ఈ నర్సు. ఏడో మలుపు. వాన. చినుకుల్లోనే నేలకి తగిలిన పెడలు.

ఇవన్నీ ఆలోచించి తేల్చుకున్నాడని తర్వాత అందరూ అన్నారు. ఆయనకి అలా గుర్తులేదు. గుర్తున్నదల్లా ఒకటే. పాతవి బిగించమని చెప్పడానికి నోరు తెరిచాడు, ఆ మాట రాలేదు.

"పలకలు లేత్ మీద ఎక్కించు," అన్నాడు.

 నర్సు అరుగుమీద కూర్చుని ఫోనులో, "వస్తున్నాం, వస్తున్నాం," అంది. పది నిమిషాలకోసారి ఆ ఫోను మోగింది. మిల్లక్క భర్త మొదట బతిమాలాడు. తర్వాత తిట్టాడు. తర్వాత ఏడ్చాడు. ఒకసారి ఫోను నిదానానికే ఇమ్మన్నాడు. నర్సు స్పీకరు పెట్టి ఆయన చెవి దగ్గర పట్టుకుంది, ఆయన చేతులు రెండూ గ్రీజులో ఉన్నాయి.

"అన్నా, బయల్దేరావా?"

"బండి బ్రేకులు ఊడి ఉన్నాయి తమ్ముడూ. బిగిస్తున్నా."

"అన్నా, నీ కాళ్ళు పట్టుకుంటా. తెల్లగా అయిపోయింది మనిషి."

"వస్తున్నా."

"ఇవాళే విప్పాలా అన్నా? ఇన్ని రోజులు వదిలేసి ఇవాళే విప్పాలా?"

 ఆయన కళ్ళముందు నట్టు కనబడలేదు కాసేపు. మోచేత్తో కళ్ళు తుడుచుకుని, చేత్తో తడిమి బిగించాడు.

పలకలు తిరిగొచ్చాయి. ఈసారి చక్రం తగలకుండా తిరిగింది. కుడివైపు కూడా కూర్చుంది. హోసులు బిగించి, సిలిండర్లో బ్రేకు ఆయిల్ పోసి, పైపుల్లో గాలి తీయడం మొదలుపెట్టారు. నర్సు డ్రైవరు సీట్లో కూర్చుంది. ఫోను భుజానికీ చెవికీ మధ్య. బావమరిది చక్రం దగ్గర గాలి వదిలే నిప్పిల్ విప్పుతూ, బిగిస్తూ.

"తొక్కు. పట్టు. వదులు."

బుడగలు.

"తొక్కు. పట్టు. వదులు."

మళ్ళీ బుడగలు. పెడలు ఇంకా మెత్తగానే ఉంది. పదిసార్లయింది, ఇరవైసార్లయింది. ఎక్కడినుంచో గాలి పీలుస్తోంది. నిదానం జీపు కింద వెల్లకిలా పడుకుని ప్రతి జాయింటూ వేలితో తడిమాడు. వెనక చక్రానికి పోయే పైపు దగ్గర వేలు తడి అయింది. అక్కడ నట్టు అర చుట్టు వదులుగా ఉంది. బిగించాడు. "తొక్కు," అన్నాడు కింద నుంచే. నర్సు తొక్కింది. కాలు సగంలో ఆగిపోయింది.

"బాబాయ్," అంది. "గట్టిపడింది."

ఒంటిగంటా నలభై ఐదు. షెడ్డు ముందు వీధిలో ముందుకీ వెనక్కీ నాలుగుసార్లు నడిపి ఆపి చూశాడు. నాలుగోసారి బావమరిది తల ముందద్దానికి కొట్టుకుంది. నుదురు పట్టుకుని, "చాలు, పో," అన్నాడు. అతను దిగాడు, నర్సు ఎక్కింది.

మూడో మలుపు దగ్గర దిగబడ్డ అంబులెన్సు పక్కనుంచి జీపు బురదలో దూరి పైకి పోయింది. ఆ డ్రైవరు చెయ్యి ఊపాడు, ఈయన చూడలేదు. మిల్లు దగ్గరికి చేరేసరికి రెండూ ముప్పై ఐదు. నేలంతా పిండి, పిండిమీద నెత్తురు ముద్దలు కట్టి ఉంది. గోడమీద బొగ్గుతో రాసి ఉంది: పదకొండూ యాభై. నర్సు ఆ అంకె చూసి, తన గడియారం చూసుకుని, పెదవి కొరుక్కుంది. మిల్లక్కకి స్పృహ ఉంది. నిదానాన్ని చూసింది. ఎప్పటి ఎకసెక్కమూ ఆడలేదు. 

దిగడం మొదలైంది. వాన కసిగా కురుస్తోంది, అద్దం తుడిచేకొద్దీ మసకబారుతోంది. తొమ్మిది, ఎనిమిది. ఏడో మలుపు దగ్గర బ్రేకు తొక్కాడు. జీపు వంగి, చెప్పినమాట వింది. పెడలు అక్కడే ఉంది. ఆరు, ఐదు. వెనక నుంచి మిల్లక్క మూలుగు, "త్వరగా అన్నా, త్వరగా," అంటూ భర్త. జీవితంలో మొదటిసారి నిదానం కొండ దిగేటప్పుడు మూడో గేరులో వేశాడు.

మూడో మలుపు తిరిగేసరికి రోడ్డు లేదు. అంబులెన్సు బురదలో జారి రోడ్డుకి అడ్డంగా తిరిగి నిలిచిపోయి ఉంది. దానికి ఈవలి పక్కన, చక్రం కింద రాయి పెడుతూ వంగి ఉన్నాడు ఆ డ్రైవరు. తల తిప్పి చూశాడు. లేవలేకపోయాడు. నిదానం రెండు కాళ్ళూ పెట్టి తొక్కాడు. ముందు టైర్లు బురదని దున్నుకుంటూ పోయాయి, రాయి దొరకబుచ్చుకున్నాయి, ఆగాయి. జీపు బంపరుకీ ఆ మనిషి భుజానికీ మధ్య మూరెడు దూరం.

ఇంజను ఆగిపోయింది. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ డ్రైవరు బురదలో కూర్చుని, ఎవరితోనూ కాకుండా, "అమ్మా, అమ్మా," అంటున్నాడు.

అంబులెన్సుని జీపుతోనే గొలుసు వేసి పక్కకి లాగారు. ఇంకో ఇరవై నిమిషాలు పోయాయి. కింది ఊరు దాటి, పెద్దాసుపత్రికి చేరేసరికి ఐదు గంటలు దాటింది.

మిల్లక్క బతికింది. కుడిచెయ్యి మోచేతి దాకా తీసేశారు. ఆపరేషను చేసిన కుర్ర డాక్టరు, "ఇంకో గంటా, గంటన్నర ముందు తెచ్చుంటే చూసేవాళ్ళం," అన్నాడు వరండాలో. పక్కనే ఉన్న పెద్ద సర్జను, "బెల్టులో అలా నలిగిన చెయ్యి ఎప్పుడు తెచ్చినా అంతే," అన్నాడు. ఇద్దరి మాటలూ నిదానం విన్నాడు. మొదటిదే చెవిలో ఉండిపోయింది. మిల్లక్క భర్త నిదానం చొక్కా పట్టుకుని గోడకి నెట్టి, రెండు దెబ్బలు కొట్టాడు. ఆయన చెయ్యి అడ్డం పెట్టలేదు. నర్సు వచ్చి విడిపించింది.

విచారణ జరిగింది. అదే మెకానిక్కు మళ్ళీ వచ్చాడు, ఈసారి కొండమీదికి వెళ్ళి దిగాడు. బ్రేకులు బండికీ టైర్లకీ తగినట్టుగా, బాగా పనిచేస్తున్నాయని రాశాడు. అనుమతి లేకుండా, అత్యవసర వాహనాన్ని పనికిరాకుండా విప్పిపెట్టినందుకు డ్రైవరు మీద చర్య తీసుకోవచ్చని దాని కిందే రాశాడు. పాత మూడు అర్జీలూ తీసుకుని నర్సు పై ఆఫీసుకి వెళ్ళి అక్కడ గొడవపడింది. దానివల్ల ఉద్యోగం పోలేదు. జీపు పోయింది. ఆయన్ని మందుల గదిలో పెట్టెలు సర్దే పనికి మార్చారు. కొత్త డ్రైవరుని వేశారు. కొత్తాయన జీపు తీసుకున్న మొదటిరోజే, "బ్రేకులు భలే ఉన్నాయండీ," అన్నాడు.

భార్య ఆ రోజుల్లో ఆయన్ని ఏమీ అడగలేదు. ఒక్కరోజు మాత్రం, మందుల గది నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే అంది. "నేను ఆ షెడ్డులో ఉంటే పాతవే బిగించమనేదాన్ని. మీరు బిగించలేదు. ఇప్పుడు నా ముందు కూర్చుని ఉన్నారు. నేనేమనుకోవాలో నాకు తెలీడం లేదు." ఆయనకీ తెలీలేదు. ఇద్దరూ టీ తాగారు.

నాలుగు నెలల తర్వాత, మందుల పెట్టెలతో కొండమీదికి వెళ్ళాల్సిన పని పడినప్పుడు, మిల్లు దగ్గర ఆపమన్నాడు. మిల్లక్క ఎడమచేత్తో గింజలు పోస్తోంది. బెల్టుకి ఇప్పుడు రేకు మూత ఉంది. ఆవిడ ఆయన్ని చూసి మిల్లు ఆపింది. ఆ చప్పుడు ఆగేసరికి ఆయనకి తెచ్చుకున్న మాటలన్నీ పోయాయి.

"పాతవి బిగించుకుని ముందే వచ్చుంటే," అన్నాడు చివరికి, "దిగేవాళ్ళమో లేదో నాకు తెలీదమ్మా. దిగేవాళ్ళమేమో కూడా. ఆ మాట చెబుదామని వచ్చాను."

ఆవిడ చేతికంటిన పిండి చీరకి తుడుచుకుంది.

"మా ఆయన నిన్ను తిట్టని రోజు లేదు," అంది. "నేను ఆపను. ఆయన గోడమీద టైము రాసి, దాన్నే చూస్తూ మూడు గంటలు కూర్చున్నాడు. తిట్టనీ."

"తిట్టనీ అమ్మా."

"నువ్వు వస్తావని ఎదురు చూశాను కొన్నాళ్ళు. వస్తే ఏదో ఒకటి అందామనుకున్నా. మంచిదో చెడ్డదో. ఇప్పుడేం లేదు." ఎడమచెయ్యి స్విచ్చు మీద వేసింది. "చీకటి పడకముందే దిగండి. పైన మబ్బు పడుతోంది."

మిల్లు మళ్ళీ మొదలైంది. ఇంక మాట వినబడదు. ఆయన వెళ్ళి జీపులో వెనక, ఖాళీ పెట్టెల మధ్య కూర్చున్నాడు. కొత్త డ్రైవరు కబుర్లు చెబుతూ, ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని దించుతున్నాడు. ప్రతి మలుపు దగ్గరా నిదానం కుడికాలు తనంతట తానే జీపు నేలని నొక్కుతోంది. అక్కడ పెడలు లేదని ఆయనకి తెలుసు. అయినా పదకొండు మలుపులూ అలాగే తొక్కుకుంటూ కిందికి వచ్చాడు.